"జరిగింది" అనాలా, "చేశారు" అనాలా? యుద్ధాల్లో లైంగిక హింస, కోలుకోవడం, మన తెలుగు మాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విజయనగరంలో ఉంటాను. అనువాదం నా వృత్తి. కొన్నేళ్ళుగా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నర్సింగ్ పిల్లలకు, ఆశా కార్యకర్తలకు, మహిళా పోలీసులకు, లా చదివేవాళ్ళకు ఒక పూట క్లాసు చెబుతున్నాను. యుద్ధాల్లో లైంగిక హింసకు గురైనవాళ్ళ మాటను ఎలా వినాలి, ఎలా రాసుకోవాలి అన్నది విషయం. (చూశారా, "గురైన" అని నేనూ అనేశాను. దాని సంగతి కింద చెప్తాను.) క్లాసు అయ్యాక టీ తాగుతూ అడిగే ప్రశ్నలే ఎక్కువ. అవే ఇక్కడ రాశాను.

యుద్ధాల గొడవ మనకెందుకు మేడం? శ్రీకాకుళంలో యుద్ధం ఎక్కడుంది?

ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీ ఇంట్లో ఎవరైనా రంగం వెళ్ళారా? పది మందిలో ఇద్దరు ముగ్గురు చెయ్యెత్తుతారు. మన తాతలు రంగూన్‌ని రంగం అనేవారు. మిల్లుల్లో, రేవులో కూలికి వెళ్ళినవాళ్ళు అక్కడే కాపురాలు పెట్టారు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి దిగాక వేల మంది అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చేశారు. మన తీరంలో ఆ కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

అదే బర్మాలో జపాన్ సైన్యం తన సైనికుల కోసం ఆడవాళ్ళను ఉంచిన కేంద్రాలు ఉండేవి. 1944లో మైట్‌కీనా దగ్గర అమెరికా సైన్యానికి 20 మంది కొరియా అమ్మాయిలు దొరికారు. వాళ్ళను విచారించింది మన అస్సాంలోని లీడోలో. ఆస్పత్రుల్లో పని ఉంటుందని, గాయపడ్డవాళ్ళను చూసుకోవాలని చెప్పి తమను తీసుకొచ్చారని వాళ్ళు చెప్పారు. ఆ మాట నివేదికలో ఉంది. కానీ అదే నివేదిక మొదట్లోనే వాళ్ళను వేశ్యలని రాసేసింది. మోసపోయి వచ్చామని చెప్పినవాళ్ళ నోటి మాట, వాళ్ళకు పెట్టిన పేరు ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉన్నాయి. చదివినవాళ్ళకు పేరే గుర్తుండిపోయింది.

ఇంకో సంగతి. అక్కడి హింసకు మనం వాడే తెలుగు మాటలు వేరేగా లేవు. మన ఊళ్ళో, మన పోలీస్ స్టేషన్‌లో వాడేవే అవి.

మానభంగం, చెరచడం, అత్యాచారం, బలాత్కారం, రేప్. ఇన్నిటిలో ఏది వాడాలి?

మాటను విప్పి చూడండి. మానభంగంలో విరిగింది ఆమె మానం. శీలం పోయింది అంటే పోగొట్టుకున్నది ఆమె. చెరచడం అంటే చెడగొట్టడం. పాలు విరిగితే, కూర పులిస్తే చెడిపోయింది అంటాం. మనిషిని అలా అన్నాక ఆ మనిషి తిరిగి బాగవుతుందని ఏ భాషలో చెప్తాం? ఈ మూడూ నేను వాడను, వాడనివ్వను కూడా.

అత్యాచారం ఇప్పుడు పేపర్లో, కోర్టులో స్థిరపడిన మాట. హద్దు మీరినవాడి వైపే వేలు చూపిస్తుంది కాబట్టి పర్వాలేదు. బలాత్కారం పాతబడింది గానీ నిజానికి సరైన మాట. బలంతో చేసిన పని అని చెబుతుంది.

ఆఫ్రికాలోని ర్వాండా దేశపు కేసు ఇక్కడ చెప్పాలి. 1994 మారణకాండ మీద వేసిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ 1998 సెప్టెంబర్ 2న అకయెసు అనే మేయర్‌ని దోషి అని తేల్చింది. లైంగిక హింసను జాతి నిర్మూలనలో భాగంగా గుర్తించిన మొదటి తీర్పు అదే. మొదటి ఛార్జిషీటులో ఆ నేరమే లేదు. సాక్షులు చెప్పడం మొదలుపెట్టాక 1997లో చేర్చారు. బెంచిలో ఉన్న ఒకే ఒక్క మహిళా న్యాయమూర్తి నవీ పిళ్ళై, దక్షిణాఫ్రికాలో స్థిరపడిన తమిళ కుటుంబపు ఆడపడుచు. సాక్షులు కిన్యర్వాండా భాషలో నాలుగు రకాల మాటలు వాడారు. వాటిలో ఒకదానికి "బలంతో పట్టుకోవడం" అని అర్థం, మన బలాత్కారం లాగే. ఇంకోదానికి "కలిసి పడుకోవడం" అని అర్థం. అనువాదకులు నాలుగింటినీ రేప్ అనే చెప్పారు. న్యాయమూర్తులు ఊరుకోకుండా ఆ భాష తెలిసినవాళ్ళతో ఒక్కొక్క మాటకూ అర్థం చెప్పించుకుని, ఆ సందర్భంలో సాక్షులు అన్నది రేప్ గురించేనని తీర్పులోనే రాశారు. సిగ్గుతో "పడుకున్నాడు" అని చెప్పిన మనిషి ఇష్టపడి వెళ్ళినట్టు కాదని ఒక కోర్టు ఓపిగ్గా తేల్చింది. అనువాదకురాలిగా నాకు అంతకంటే నచ్చిన పేజీలు తీర్పుల్లో ఎక్కడా కనబడలేదు.

ఇక ఆమె ఎదురుగా ఉన్నప్పుడు ఏ మాట వాడాలంటే, ఆమె వాడిన మాటే. ఆమె "ఆ రోజు" అంటే మీరూ "ఆ రోజు" అనండి. మన పల్లెల్లో కొంతమంది రేప్ అనే ఇంగ్లీషు మాటనే సులువుగా అంటారు. పరాయి మాట కాబట్టి నాలుక కాలదు.

"బాధితురాలు" అనడం కూడా తప్పేనా?

తప్పు కాదు. చట్టానికి ఆ మాట కావాలి, పరిహారం ఆ మాట మీదే వస్తుంది. కాకపోతే ఎఫ్‌ఐఆర్‌లో ఉండాల్సిన మాట పదేళ్ళ తర్వాత కూడా ఇంటిపేరులా అంటుకుని ఉంటేనే కష్టం. ఇంగ్లీషులో సర్వైవర్ అంటున్నారు. తెలుగులో దానికి ఒక్క ముక్కలో మాట లేదు. "బతికి బయటపడినావిడ" అంటాన్నేను. "విజేత" అనమని ఒక లా విద్యార్థి అన్నాడు. వద్దు బాబూ. ఆవిడ పోటీకి దిగలేదు.

గొప్ప బిరుదుల సంగతి బంగ్లాదేశ్‌ని అడగాలి. 1971 యుద్ధంలో పాకిస్తాన్ సైన్యం, వాళ్ళకు తోడు నిలిచిన స్థానికులు చెరపట్టిన ఆడవాళ్ళకు కొత్త ప్రభుత్వం ఆ డిసెంబర్‌లోనే "బీరాంగనా" అని పేరు పెట్టింది. మన వీరాంగనే అది. ఉద్దేశం మంచిదే, ఇళ్ళలోకి రానివ్వండి అని. కానీ జనం నోట్లో అది "బారాంగనా" అయింది. తెలుగులో రాసి చూడండి: వీరాంగన, వారాంగన. ఒక్క గుడిదీర్ఘం తీసేసి దీర్ఘం పెడితే వేశ్య అయిపోయింది. చాలామంది ఆ బిరుదును దాచుకున్నారు. 2015 నుంచి వాళ్ళను ముక్తియోధుల జాబితాలో చేర్చి, పోరాడిన మగవాళ్ళకిచ్చే గౌరవం, భత్యం ఇవ్వడం మొదలుపెట్టారు. బిరుదు ఊరికే రాలేదు, పెన్షన్‌తో వచ్చింది. అప్పుడు పొరుగువాళ్ళ గొంతు మారింది. ఇది నా అభిప్రాయం, కానీ గట్టి అభిప్రాయం.

జపాన్ సైన్యం తన కేంద్రాల్లో ఉంచినవాళ్ళకు "సుఖమిచ్చే స్త్రీలు" అని పేరు పెట్టింది. సుఖం ఎవరికి? డచ్ కుటుంబానికి చెందిన జాన్ రఫ్ ఓహర్న్ 1992లో నోరు విప్పినప్పటినుంచి ఆ పేరు తమకు అవమానమని అంటూనే వచ్చారు. 1996లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి రాధికా కుమారస్వామి తన నివేదికలో దాన్ని సైనిక లైంగిక బానిసత్వం అని రాశారు. కొరియాలో కిమ్ హక్ సున్ 1991 ఆగస్టు 14న పేరు చెప్పి, ముఖం చూపించి మాట్లాడాక జనం వాళ్ళను "హల్మోనీ" అనడం మొదలుపెట్టారు. ఫిలిప్పీన్స్‌లో "లోలా" అన్నారు. రెండిటికీ అర్థం మన "మామ్మ". చుట్టరికపు మాటతో పిలిచాక ఎవరైనా ఈసడించుకోగలరా? ఈ విద్య మనకు ఎవరూ నేర్పక్కర్లేదు, రోడ్డు మీద ముక్కూమొహం తెలియనివాళ్ళనే అక్కా, పిన్నీ అని పిలిచే జాతి మనది.

వ్యాకరణానికీ, కోలుకోవడానికీ ఏమిటి సంబంధం?

క్లాసులో నేను రెండు కాగితాలు పంచుతాను. నేనే అల్లుకున్నవి, ఏ కేసులోవీ కావు. మొదటిది ఆమె నోటి మాట:

"ఆల్లు ముగ్గురు. నాను తలుపేసినాను. తన్నేసి లోపలికొచ్చినారు. ఒకడు నా నోరు మూసేసినాడు."

రెండోది దాన్ని విని రాసిన కాగితం:

"సదరు మహిళ తన గృహమునందు ఒంటరిగా ఉన్న సమయమున మానభంగమునకు గురికాబడినది."

ఏం పోయిందో చెప్పమంటాను. ముందు ఎవరూ మాట్లాడరు. తర్వాత వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి అంటుంది: ముగ్గురూ పోయారండీ. ఇంకొకరు: తలుపు పోయింది. అవును. ఆమె తలుపు వేసుకుంది, అంటే ఒప్పుకోలేదు. అంతకంటే గట్టి సాక్ష్యం ఏముంది? అది ఎగిరిపోయి, ఆమె అనని "ఒంటరిగా" ఎక్కడినుంచో వచ్చి కూర్చుంది.

"గురైంది", "జరిగింది", "బలైంది" అనే మాటల్లో చేసినవాడు ఉండడు. వాన పడినట్టు, జ్వరం వచ్చినట్టు ఉంటుంది. రోజూ అలాగే వింటూ ఉంటే, వచ్చినదేదో తన మీదకే వచ్చిందని, తనలోనే ఏదో ఉందని ఆమెకు అనిపించడం మొదలవుతుంది. "చేశారు" అనగానే తప్పు వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతుంది. అయితే దీన్ని కూడా నియమంగా పెట్టకండి. మొదటి నెలల్లో చాలామందికి "జరిగింది" అనే మాటే గొడుగు. వాళ్ళ మొహం గుర్తు చేసుకోకుండా చెప్పడానికి అదొక్కటే దారి. ఆమె "జరిగింది" అంటే వినండి. మీరు రాసే కాగితంలో మాత్రం చేసినవాణ్ణి మింగేయకండి.

తెలుగులో ఇంకో సదుపాయం ఉంది: మేము, మనము. ధైర్యం చెప్తున్నామనుకుని "మనం ఇదంతా మర్చిపోవాలమ్మా" అంటాం. ఒకావిడ ఒక వాలంటీర్‌ని ఎదురడిగింది: "మనమా? నువ్వేటి మర్సిపోవాల?" ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. ఆటో కట్టించుకుని స్టేషన్‌కి వెళ్ళే పనికైతే "మనం వెళ్దాం" అనండి, నిజంగా వెళ్ళండి. బాధకు మాత్రం "మనం" వేయకండి.

"అట", "అంటోంది" అని రాస్తే నష్టమేంటి?

"తలుపు తన్నారట." ఆ ఒక్క "ట"తో నేను నమ్మను సుమా అని చెప్పేసినట్టే. సెల్‌ఫోన్ పోయిందని ఒకాయన వస్తే "పోయిందని చెప్పాడు" అని రాస్తారు, ఈవిడ వస్తే "అంటోంది" అని రాస్తారు. ఇద్దరికీ "చెప్పారు" చాలు.

"పాపం!" అన్న మాట కూడా తగ్గించండి. జాలికీ, చేసిన తప్పుకీ తెలుగులో అదే మాట. వినేవాళ్ళకు ఏది వినబడిందో మనకు తెలియదు.

ఎందుకు అరవలేదు, ఎందుకు పారిపోలేదు అని అడగకూడదా?

అడగకూడదు. ప్రాణభయంలో ఒళ్ళు బిగుసుకుపోవడం మనిషి చేతిలో ఉండదు. పామును చూసి కాళ్ళు కదలక నిలబడిపోయినవాణ్ణి ఎందుకు పరుగెత్తలేదని ఎవరూ నిలదీయరు. తుపాకులున్న చోట ఈ ప్రశ్నకు అసలు అర్థమే లేదు. "ఎందుకు" అనే మాటను పక్కనపెట్టి "తర్వాత ఏమైంది?" అనండి. ముందూ వెనకా కలిసిపోయి, కొన్ని ముక్కలు లేకుండా చెప్తే అబద్ధం అనుకోవద్దు. భయంలో మనసు దాచుకునే పద్ధతే అంత. గది గోడ రంగు గుర్తుంటుంది, తారీఖు ఉండదు.

చెప్పుకుంటే భారం తగ్గుతుందంటారు కదా?

ఎవరికి, ఎప్పుడు, ఎవరి కోసం అన్నదాన్ని బట్టి ఉంటుంది. మన సామెతలు ఈ విషయంలో నిర్దయగా ఉంటాయి. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది" అంటారు. ఇంకోటి మీరూ వినే ఉంటారు, ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా ఆకుకే నష్టమట. ముల్లును ఏం చేయాలో మాత్రం ఆ సామెత చెప్పదు. వీటి మీద కోపంతో మనం రెండో చివరకు పోతాం: నోరు విప్పు, బయటకు చెప్పు, ధైర్యంగా ఉండు.

1971 నేరాల మీద 1992లో ఢాకాలో జరిగిన ప్రజా న్యాయస్థానానికి కుష్టియా జిల్లా నుంచి ముగ్గురు పల్లెటూరి బీరాంగనలను తీసుకెళ్ళారు. ఫొటోలు పేపర్లలో వచ్చాయి. దేశం వాళ్ళను మెచ్చుకుంది. వాళ్ళు బస్సెక్కి ఊరికి తిరిగి వెళ్ళారు, అక్కడ ఎత్తిపొడుపులు మొదలయ్యాయి. మెచ్చుకున్నవాళ్ళు ఎవరూ ఆ ఊళ్ళో ఉండరు కదా.

జరిగినదంతా ఒక్క సిట్టింగ్‌లో చెప్పించేయడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. ఇరాక్‌లోని యజీదీ అనే చిన్న మతానికి చెంది, ఐసిస్ చెర నుంచి బయటపడిన నదియా మురాద్‌కి 2018లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. విలేకరులు, పరిశోధకులు, అధికారులు ఒకే కథను పదే పదే చెప్పించి అలసిపోయేలా చేయకూడదని 2022లో ఆమె పేరుతోనే ఒక నియమావళి వచ్చింది. వినేవాళ్ళు పాటించాల్సిన నియమాలు అవి. చెప్పేవాళ్ళకు ఏ నియమం లేదు, మధ్యలో ఆపేయొచ్చు, అసలు చెప్పకపోవచ్చు.

భాష రాని మనిషి వస్తే ఎవరిని పిలవాలి?

మందస, మెళియాపుట్టి కొండల నుంచి వచ్చే సవర ఆడవాళ్ళకు తెలుగు రెండో భాష. ఇచ్ఛాపురం వైపు ఒడియా. "తెలుగు వచ్చు కదా, అర్థమవుతుందిలే" అంటారు. సంతలో బేరమాడే తెలుగు వేరు, ఈ సంగతి చెప్పే తెలుగు వేరు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆయన పుట్టినరోజున, ఆగస్టు 29న, దండలు వేస్తాం. ఆస్పత్రి ఓపీలో సవర వచ్చిన ఒక్క మనిషిని మాత్రం కూర్చోబెట్టం.

అనువాదానికి భర్తను, అత్తను, కన్నపిల్లల్ని పెట్టొద్దు. అదే ఊరివాళ్ళూ వద్దు. ఆమె "నన్ను" అంటే మీరూ "నన్ను" అనే చెప్పండి, "ఈవిడ్ని" అని మార్చొద్దు. బూతు మాట వస్తే బూతే చెప్పండి. మర్యాద కోసం మెత్తబరిస్తే నేరం మెత్తబడుతుంది. ఇంకో చిత్రం ఏమిటంటే, కొందరు కావాలనే తమది కాని భాషలో చెప్పుకుంటారు. అమ్మ భాషలో గుచ్చుకునేది రెండో భాషలో కొంచెం దూరంగా ఉంటుంది. ఎంపిక ఆమెకే వదలండి.

"డిప్రెషన్" అని ఎవరూ చెప్పరు. ఎలా తెలుసుకోవాలి?

ఒంటి మాటల్లో చెప్తారు. గుండె దడ, కాళ్ళూ చేతులూ లాగేయడం, ఒళ్ళంతా మంటలు, గాలి సోకింది, అన్నం సయించడం లేదు. ర్వాండాలో మారణకాండ తర్వాత ఇలాంటి స్థితికి "ఇహహముకా" అనే మాట వాడుకలోకొచ్చింది. ఊపిరితిత్తులు లేనట్టు ఊపిరాడకపోవడం అని దాని భావం. వాళ్ళ డాక్టర్లు దాన్ని కొట్టిపారేయకుండా చికిత్సలో వాడుకున్నారు. "గాలి సోకింది" అన్న మనిషితో "అలాంటివి ఏమీ ఉండవమ్మా" అని వాదించకండి. ఎప్పటినుంచి, ఏ వేళలో అని అడగండి. సాయంత్రం బూట్ల చప్పుడు వినబడితే గాలి సోకుతుందని ఆవిడే చెప్పొచ్చు.

మగవాళ్ళకు కూడా ఇలా జరుగుతుందా?

జరుగుతుంది. మాజీ యుగోస్లావియా యుద్ధాల మీద వేసిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ తీర్పుల్లో నిర్బంధ శిబిరాల్లో మగవాళ్ళ మీద చేసినవి నమోదయ్యాయి. మానభంగం అనే మాటలో మగవాడికి చోటే లేదు, అందుకే "కొట్టారు", "టార్చర్ పెట్టారు" దగ్గర ఆగిపోతారు. మన భారతీయ న్యాయ సంహితలో కూడా రేప్ నిర్వచనం స్త్రీలకే. "ఎక్కడెక్కడ దెబ్బలు తగిలాయి?" అని నిదానంగా అడిగి, ఆగండి.

అత్యాచారం వల్ల పుట్టిన పిల్లల్ని ఏమనాలి?

పేరు పెట్టి పిలవాలి. ర్వాండాలో "చేదు జ్ఞాపకాల పిల్లలు" అన్నారు. ఆ పిల్లలు చేసిందేముంది?

ఊరి పెద్దలు చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది, చాలానే. 2014 ఆగస్టులో ఐసిస్ సింజార్ మీద పడి వేల మంది యజీదీ ఆడవాళ్ళను ఎత్తుకుపోయింది. మతం బయటివాళ్ళ చేతిలో పడిన ఆడదాన్ని తిరిగి రానివ్వని ఆచారం వాళ్ళది. మన మాటలో చెప్పాలంటే మైల. అలాంటిది వాళ్ళ మతపెద్ద బాబా షేక్, తిరిగి వచ్చినవాళ్ళు మన బిడ్డలే, ఆదరించండి అని ప్రకటించాడు. లాలిష్ క్షేత్రంలో తెల్ల ఊట నీటితో వాళ్ళకు మళ్ళీ పవిత్ర స్నానం జరిపించారు. శతాబ్దాల కట్టుబాటు ఒక పెద్దాయన మాటతో వదులైంది. మిగతా సగం కూడా చెప్పాలి. 2019లో ఐసిస్ చెరలో వాళ్ళకు పుట్టిన పిల్లల విషయం వచ్చినప్పుడు పెద్దల మండలి వాళ్ళను ఒప్పుకోలేదు. పిల్లల్ని వదిలి రమ్మంటే తల్లులు ఏమైపోవాలి?

మన దగ్గర శుద్ధి చేయించమని నేను అనను. కల్లంలో నలుగురు కూర్చున్నప్పుడు "ఆ గుంట మన ఊరి పిల్ల, తప్పు ఆళ్ళది" అని ఒక పెద్దాయన పైకి అంటే చాలు.

పేపర్‌కి రాసేటప్పుడు?

"కామాంధులు", "మృగాళ్ళు", "కాటేశారు" మానేయండి. యుద్ధంలో ఇది కోరిక తట్టుకోలేక చేసే పని కాదు. జనాన్ని భయపెట్టడానికి, ఊళ్ళు ఖాళీ చేయించడానికి దీన్ని యుద్ధ ఎత్తుగడగా వాడతారని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2008లో 1820వ తీర్మానంలో చెప్పింది. మృగం అంటే పై అధికారి తప్పించుకుంటాడు, మృగానికి పై అధికారి ఉండడు కదా. పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు వేయడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. "ఫలానా పేట, మూడో వీధి, టైలర్ భార్య" అని రాసి పేరు మార్చాం అంటే కుదరదు.

ఇప్పుడే ఎవరికైనా సాయం కావాలంటే?

మహిళల హెల్ప్‌లైన్ 181. అత్యవసరమైతే 112. మనసు బాగాలేకపోతే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. ఉచిత న్యాయ సహాయం 15100. పిల్లలైతే 1098. వాంగ్మూలం ఇంట్లోగానీ తను కోరిన చోటగానీ తీసుకోమని అడిగే హక్కు ఆమెకు ఉంది.

మా మామ్మ రంగం నుంచి నడిచొచ్చింది. ఏదో దాచిందనిపిస్తుంది. అడగనా?

మా వీధిలోనూ ఒక మామ్మ ఉండేది. రంగం మామ్మ అనేవాళ్ళం. నడక అంతా చెప్పేది: ఉప్పు మూట తడిసిపోవడం, చీర చించి కాళ్ళకు కట్టుకోవడం, దారిలో వదిలేసిన కుట్టు మిషన్. ఎప్పుడు చెప్పినా ఒక ఏరు దగ్గరికి వచ్చేసరికి "అక్కడ మూడ్రోజులున్నాం" అని, వెంటనే "తరవాత వానలొచ్చేసినాయి" అనేది. ఆ మూడు రోజులూ ఏం చేశారు మామ్మా అని చిన్నప్పుడు నేను అడిగితే, లోపలికెళ్ళి చుట్ట పట్రా అనేది. అక్కడ జ్వరాలే వచ్చాయో, మనుషులే పోయారో, ఇంకేమైనానో. ఈ క్లాసులు చెప్పడం మొదలుపెట్టాక నాకు అన్నీ ఒకేలా కనబడతాయి, అది నా జబ్బు. ఆవిడ మీద నా ఊహ రుద్దకూడదు.

కాబట్టి అడగొద్దు. పక్కన కూర్చోండి. చెప్తే వినండి, ఏరు దగ్గర ఆగితే మీరూ ఆగండి. నేను పెద్దయ్యాక ఒకసారి మామ్మే అంది: "ఆ ఏరు పేరు నాకు తెల్దు. తెలిసినా సెప్పను." సరే మామ్మా అన్నాను. చుట్ట అడ్డపొగ పెట్టుకోబోతూ అగ్గిపెట్టె కోసం తడుముకుంటోంది. తీసి ఇచ్చాను.